మంచె నెక్కు మెట్లు

వేట చరిత్రను వ్రాసినవారు విల్లును గూర్చియు, బల్లెమును గూర్చియు, తుపాకిని గూర్చియు పుటలకొలది వ్రాసిరి. వేటకాడు చెట్టుపైకి ఎట్లెక్కెనను ప్రశ్నకు వారిచ్చిన చోటు మిక్కిలి స్వల్పము. ఎత్తైన మంచెపై కూర్చున్నవానికి మృగము కనబడును. మృగము సాధారణముగా తలయెత్తి చూడదు. మనుష్యుని వాసనయు పలుమారు దాని తలమీదుగా గాలిలో పోవును. ఈ లాభమును మానవుడు ఏనాడో గ్రహించెను. కాని దానిని పొందవలెనన్న ముందుగా కొమ్మలులేని నిట్టనిలువు మ్రాను నెక్కవలెను. పిదప చీకటిలో దిగవలెను. ఈ ఎక్కుదిగుళ్ల కొఱకు మనుష్యుడు కల్పించుకొన్న మెట్ల కథను ఇచట కొంత పరిశీలింతము.

మంచె యను మాట మనకు క్రొత్తది కాదు. జొన్నచేని నడుమ గుంజలపై నిలిపి, వడిసెల చేతబట్టి పిట్టలను తోలు మంచెను మనమెల్లరము ఎఱుగుదుము. హిందీలోని మచాన్ అను మాటయు ఈ కుటుంబములోనిదే. ఉత్తరదేశపు అడవులలో వేటగాండ్రు దానిని చెట్టుకొమ్మల నడుమ కట్టుకొనిరి. నరభక్షకియైన రుద్రప్రయాగ చిరుతపులిని జిమ్ కార్బెట్ 1926 మే నెలలో కూల్చినది ఒక మామిడిచెట్టుపై నుండియే. ప్రభుత్వపు లెక్క ప్రకారము ఆ మృగము 125 మందిని పొట్టబెట్టుకొన్నది. వేటకాని మంచె చేనిమంచె వలె ఒకచోట స్థిరముగా నుండదు. మృగము సంచరించు త్రోవ మాఱినప్పుడెల్ల మంచెయు మాఱవలసినదే. మంచెతోపాటు మెట్లును చేతబట్టి తీసికొనిపోవలసిన యవసరము ఇచటనే పుట్టినది.

చెట్టెక్కు మెట్టును గూర్చిన మంచి సాక్ష్యమొకటి బోర్నియో ద్వీపమునుండి లభించుచున్నది. ఆంగ్ల ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1855లో సారవాక్ ప్రాంతమున ఒరాంగుటాన్‌లను వేటాడుచుండెను. ఆయన కాల్చిన యొక మహావానరము చెట్టుపైననే చిక్కుకొనిపోగా, స్థానికులైన డయాకులు దానికై పైకెక్కిరి. వారు వెదురుతో వాడి మేకులు చేసి, కొయ్యసుత్తితో మ్రానులోనికి దిగగొట్టిరి. మ్రానునకు ప్రక్కగా ఒక వెదురుబొంగును నిలువుగా పెట్టి, ప్రతి మేకు కొనను దానికి నారతో బిగించిరి. ఒక బొంగు ముగియగానే దానిపై మఱియొక బొంగు నతికిరి. ఏ మేకైనను వదులై ఊడినచో, దానిపై పడవలసిన బరువును పైనను క్రిందను గల మేకులు పంచుకొనును; కావున ఎక్కువానికి ప్రమాదము లేదని వాలెస్ గుర్తించెను. 1869లో వెలువడిన తన మలయ ద్వీపసముదాయ గ్రంథమున ఆయన దీనిని వర్ణించెను. ఒకే ఆధారమును నమ్మరాదను సూత్రము ఆ అడవిమనుష్యులకు అప్పటికే కరతలామలకము.

ఇటీవలి కాలమున ఈ మెట్లకు గొప్ప అంగడి యేర్పడినది అమెరికాలో. పందొమ్మిదవ శతాబ్దాంతమునకు అచటి తెల్లతోక జింక వేటవలన మిక్కిలి క్షీణించెను. చట్టములచే రక్షింపబడి మరల విస్తరించెను. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రము విల్లంబులతో జింకను వేటాడుటకు ప్రత్యేకముగా ఒక ఋతువు నేర్పఱచెను. తుపాకి దూరమునుండి పనిచేయును. విల్లు పట్టినవానికి జింక మిక్కిలి దగ్గఱకు రావలెను. అందువలన చెట్టెక్కి కూర్చుండు అలవాటు విలుకాండ్రలో ప్రబలెను. వారు మొదట కొయ్యముక్కలను మ్రానునకు మేకులతో కొట్టి మెట్లుగా వాడుకొనిరి.

ఈ పద్ధతిలో రెండు కీడులు కలవు. కొయ్య కుళ్లును, మేకు తుప్పుపట్టును. మఱుసటి యేడు నమ్మకముతో కాలు మోపినవాడు నేలబడును. రెండవ కీడు చెట్టునకు కలుగునది. చెట్టు పెరిగినకొలది మేకును తనలోనికి మ్రింగును. కొన్నేండ్లకు ఆ మ్రాను ఱంపపు మిల్లు చేరినప్పుడు దాగియున్న ఇనుము ఱంపపు పండ్లను విఱుచును. పనివారికి గాయములు కలిగింపవచ్చును. అమెరికా అటవీశాఖకు చెందిన అలెక్స్ షైగో 1977లో ప్రకటించిన రచనలో మఱియొక విషయమును విశదపఱచెను. మన దేహమునకైన గాయము మానును. చెట్టు గాయము అట్లు మానదు. చెట్టు దానిచుట్టు గోడవంటి కట్టుదిట్టము నేర్పఱచి, కుళ్లు వ్యాపింపకుండ బంధించును. మేకు చేసిన రంధ్రము చెట్టు జీవించినంతకాలము దానిలో నుండును. మేకులు, మరలు దిగగొట్టి మంచెను బిగించుటను ఆ దేశపు జాతీయ వన్యప్రాణి శరణాలయములలో నిషేధించిరి. లోహము దిగగొట్టిన చెట్టుపై నుండి వేటాడుటయు అచట నేరమే.

నేడు వేటకాని సంచిలో నుండు మెట్లు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది మరమెట్టు. ఇది మ్రానులోనికి త్రిప్పి దించు ఇనుపకడ్డీ. తేలికయైనది, వంకరమ్రానునకును పనికివచ్చును. కాని గట్టిచేవగల చెట్టులో దించుట కష్టము, గాయమును తప్పదు. రెండవది పట్టెతో గాని త్రాటితో గాని మ్రానుచుట్టు బిగించు విడిమెట్టు. ఇది చెట్టునకు గాయము చేయదు. సరిగా బిగింపనిచో పాదము క్రింద ప్రక్కకు తిరుగును. మూడవది ఎక్కుకఱ్ఱ. లోహపు దండమునకు ఇరుప్రక్కల మెట్లుండును. ఇట్టివి మూడు నాలుగు ఒకదానిపై నొకటి మ్రానునకు కట్టుదురు. ఎక్కుటకు సులభమేగాని బరువెక్కువ. ఒకదానికొకటి తగిలి చప్పుడైనచో జింక పాఱిపోవును. నిటారుగా ఎదిగిన చెట్టైనచో మేము మూడవదానినే ఎంచుదుము. గణుపులును వంకలును గల చెట్టైనచో రెండవదానిని. చెట్టు యజమాని అనుమతించినను మొదటిదానిని కోరము.

మెట్టు నెంచుకొన్నంతమాత్రమున పని ముగియలేదు. మంచెనుండి పడినవారిలో పలువురు ఎక్కునప్పుడో దిగునప్పుడో పడినవారే. రెండు పాదములు, రెండు చేతులు అను నాలుగింటిలో మూడు ఎల్లప్పుడును ఆధారముపై నుండవలెను. చివరి మెట్టు మంచెకంటె ఎత్తున నుండవలెను. అప్పుడు మంచెపైకి ఎగబ్రాకక దానిపైకి దిగవచ్చును. ఆయుధమును భుజమున వ్రేలాడదీసికొనక, పైకి చేరిన పిదప త్రాటితో లాగుకొనవలెను. ఆస్ట్రియా దేశపు పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో ప్రచారమునకు తెచ్చిన ముడి యొకటి కలదు. అది చేతితో జరుపగా జరుగును, బరువు పడగానే బిగిసికొనును. దేహమునకు తొడిగిన పట్టెలను ఈ ముడిద్వారా పైనుండి వ్రేలాడు త్రాటికి తగిలించుకొన్నవాడు జారినను నేలబడడు.

నడుమును మ్రానును కలిపి త్రాడు చుట్టుకొనుట మన గీతకార్మికులకు తరతరములుగా తెలిసిన విద్య. మోకును ముస్తాదును నమ్ముకొని వారు తాటిచెట్టుపై రెండు చేతులతో పనిచేయుదురు. అయినను మోకు జారి మరణించినవారు, నడుము విఱిగి మంచము పట్టినవారు మన పల్లెలలో ఎందఱో కలరు. 2024లో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య పేరిట రక్షణ పరికరములను వారికి పంచనారంభించుటకు ఈ దుఃఖమే కారణము.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో మన దేశమున వేటకాని మంచెకు కాలము చెల్లినది. అయినను నీటిమడుగు చెంత మృగములను గమనించు అటవీ ఉద్యోగియు, అడవిపందులనుండి పైరును కాచు రైతును మంచె నెక్కుచునే యున్నారు. వారికి మేము విన్నవించునది ఇంతియే: నిరుటి మెట్టును ఈ యేడు పరీక్షింపక త్రొక్కవలదు, ఎండకు మాడిన పట్టెను, నానిన త్రాటిని మార్చుడు, పాదము నేలను విడువకమునుపే నడుమునకు త్రాడు బిగింపుడు. మఱునాడు ఉదయమున మంచె విప్పినప్పుడు ఆ చెట్టుపై మేకు గాయమొక్కటియు మిగులకుండుగాక.