పేరు మారినను ఊరు మారదు

ఉగాదినాడు పంచాంగ శ్రవణమున సంవత్సరము పేరుతోపాటు శాలివాహన శకసంఖ్యను కూడ చెప్పుదురు. ప్రభవాది నామములు అరువది యేండ్లకొకసారి మరల వచ్చును గనుక, పేరొక్కటే చెప్పిన అది ఏ కాలమో తెలియదు. మన పెద్దలు చూపిన ఈ జాగ్రత్త బొంబాయి తెలుగువారమైన మనకు మిక్కిలి అవసరము.

కామాటిపుర అను పేరే మన చరిత్ర. 1784 ప్రాంతమున హార్న్‌బీ వెల్లార్డు కట్ట పూర్తియై, సముద్రపు పోటు ఆగి, పల్లపు నేలలు నివాసయోగ్యములైనవి. తరువాత తెలుగునాటినుండి కూలికి వచ్చిన కామాటీలు ఇచ్చట కుదురుకొనిరి. ఆ కష్టజీవుల గుర్తుగా ఈ పేరు నిలిచినది.

చుట్టుపట్ల పేర్లు మాత్రము నిలువలేదు. ఫాక్‌లండ్ రోడ్డు పఠ్ఠే బాపూరావ్ మార్గమైనది. బెలాసిస్ రోడ్డు జహంగీర్ బొమన్ బెహరామ్ మార్గమైనది. నగరము 1995లో ముంబయి అయినది. మా రైల్వేలో విక్టోరియా టెర్మినస్ 1996లో ఛత్రపతి శివాజీ టెర్మినస్, 2017లో ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ అయినది. స్వస్థలమునను అంతే. నిజాము కాలమునుండి కరీంనగరు జిల్లాలోనున్న సిరిసిల్ల 1956లో ఆంధ్రప్రదేశ్‌లోనికి, 2014లో తెలంగాణలోనికి వచ్చి, 2016లో తానే జిల్లా కేంద్రమైనది.

పేరు మారుటలో తప్పు లేదు. పాత పేరుతో ముడి తెగుటయే నష్టము. తాతగారి అద్దె రసీదుపై ఫాక్‌లండ్ రోడ్డు, మనుమని రేషన్ కార్డుపై పఠ్ఠే బాపూరావ్ మార్గము ఉన్నచో, అవి రెండును ఒకే గదివని ఎవరు చెప్పవలెను? పాత చాళ్లు కూలి కొత్త మేడలు లేచునాడు గది అంకె కూడ మారును. అప్పుడు మూడు తరముల కాపురము మూడు వేరు కుటుంబములవలె కనబడును.

కచ్చేరీలో మేము చేయు పని చిన్నది. దస్త్రమునకు కొత్త అంకె పడినప్పుడు, పాత అంకెను చెరిపివేయక దాని క్రిందనే వ్రాయుదుము. పాత దస్త్రముపైన కొత్త అంకె వేయుదుము. ఏ కొసనుండి వెదకినను రెండవ కొస దొరకును.

మన ఇండ్లలోను ఈ పని చేసికొందము. ఒక నోటుబుక్కులో పాత పేరు, కొత్త పేరు, మారిన సంవత్సరము వరుసగా వ్రాయుదము. అసలు కాగితములపై ఏమియు దిద్దరాదు. తెలుగులోను, పిల్లలు చదువుకొను లిపిలోను వ్రాయవలెను. చెప్పగల పెద్దలు మన నడుమ ఉండగానే, ఈ ఉగాదికే మొదలిడుదము.