మానవ హక్కుల పరిశోధన - ఆధారపత్రాల పఠనం: చుండూరు ఉదంతం

మానవ హక్కులపై వెలువడే సిద్ధాంత గ్రంథాలు సాధారణంగా 1948 నాటి సార్వజనీన ప్రకటనతో ఆరంభమై, రాజ్యాంగం మూడవ భాగం మీదుగా 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టాన్ని చేరుకొంటాయి. తరువాతి అధ్యాయంలో ఏదో ఒక ఘటన ఉదాహరణగా ప్రవేశిస్తుంది. ఆ ఘటనను మనకు అందించిన కాగితాలను ఎవరు, ఎవరికోసం, ఏ అవసరానికి రాశారన్న ప్రశ్న అరుదుగా ఎదురవుతుంది. పరిశోధక విద్యార్థికి ఇవ్వవలసిన తొలి శిక్షణ ఈ ప్రశ్నతోనే మొదలు కావాలని ఈ వ్యాసం ప్రతిపాదన.

తెలుగునాట ఇటువంటి కాగితాలలో ప్రత్యేకమైనది నిజనిర్ధారణ నివేదిక. 1974లో ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఏర్పడింది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1975 జూలైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు మరణించారు. అది ఎదురుకాల్పుల ఫలితమని పోలీసులు ప్రకటించారు. 1977లో వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఏర్పడిన కమిటీ గ్రామాలకు వెళ్లి ప్రత్యక్ష సాక్షులను విచారించి, వారిని పట్టుకొని కాల్చి చంపారన్న నిర్ణయానికి వచ్చింది. ఆ తరువాతి దశాబ్దాలలో వెలువడిన నివేదికలకు ఈ పద్ధతి ఒరవడి అయింది. ఘటనాస్థలానికి వెళ్లడం, బాధితుల మాట వినడం, అధికారిక కథనంతో దానిని పోల్చడం, చివర డిమాండ్లు పెట్టడం అందులోని అంగాలు. ఇవి తక్షణ న్యాయం కోసం రాసిన రచనలు. ఆ తొందర వాటి బలమూ, పరిమితీ. విద్యార్థి రెండింటినీ గుర్తించాలి.

చుండూరు ఉదంతంలో ఈ కష్టం స్పష్టంగా కనిపిస్తుంది. 1991 ఆగస్టు 6న నాటి గుంటూరు జిల్లాలోని ఈ గ్రామంలో ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. కొన్ని శవాలను గోనె సంచులలో కట్టి కాలువలో పడవేశారు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆ గ్రామంలోనే ప్రత్యేక న్యాయస్థానం కొలువుదీరింది. 2007 జూలై 31న అది 21 మందికి యావజ్జీవ శిక్షను, మరో 35 మందికి ఏడాది జైలుశిక్షను విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. దానిపై సుప్రీంకోర్టుకు అప్పీళ్లు వెళ్లాయి.

ఇక్కడ పరిశోధకుడు ఏ తీర్పును చరిత్రగా స్వీకరించాలి? నా అభిప్రాయంలో ప్రశ్నే సరిగా లేదు. ఫలానా ముద్దాయి ఫలానా దెబ్బ కొట్టాడని సందేహాతీతంగా రుజువైందా అన్నది న్యాయస్థానం తేల్చవలసిన విషయం. ఎనిమిది మందిని చంపగల బలం ఆ ఊరిలో ఎలా కూడింది, పొలం పనికీ సినిమాహాలు గొడవకూ సాంఘిక బహిష్కరణకూ సంబంధమేమిటి అన్నవి చరిత్రకారుని ప్రశ్నలు. నిర్దోషిగా విడుదలైన వ్యక్తిని గ్రంథంలో హంతకుడని రాయకూడదు. ఆ విడుదలను చూపి హత్యాకాండను 'ఆరోపణ'గా కుదించనూ కూడదు. ఈ రెండు జాగ్రత్తలనూ ఒకే వాక్యంలో పాటించడం అభ్యాసం లేనిదే సాధ్యం కాదు.

తెలుగు శాఖలు పట్టించుకోవలసిన అంశం మరొకటి ఉంది: సాక్షి భాష. దర్యాప్తులో సాక్షి చెప్పినదాన్ని పోలీసు అధికారి తన మాటలలో రాసుకొంటాడు. దానిపై సాక్షి సంతకం ఉండదు. చట్టమే దానికి ఒప్పుకోదు. కోర్టులో సాక్షి తెలుగులో మాట్లాడినా, ఎన్నో కేసులలో ఆ మాట ఆంగ్లంలో నమోదవుతుంది. తీర్పు ఆంగ్లంలో వస్తుంది. పరిశోధకుడు దానిని మళ్లీ తెలుగులోకి తెచ్చి, ఉద్ధరణ చిహ్నాల మధ్య పెట్టి, 'సాక్షి ఇలా అన్నది' అని రాస్తాడు. ఆ వాక్యం సాక్షిది కాదు. మాండలికం, వరుసపిలుపులు, చెప్పలేక ఆగిన చోట్లు అన్నీ దారిలోనే జారిపోయాయి. ప్రాచీన కావ్యాల పాఠాంతరాలను పరిష్కరించడంలో మన శాఖలకు తరతరాల అనుభవం ఉంది. అదే దృష్టితో ప్రథమ సమాచార నివేదికను, శవపంచనామాను, వాంగ్మూలాన్ని, నిజనిర్ధారణ నివేదికను, తీర్పును పక్కపక్కన పెట్టి ఒకే సాక్షి మాటలోని భేదాలను గుర్తింపజేస్తే, క్షేత్రానికి వెళ్లకముందే విద్యార్థి సగం సిద్ధమవుతాడు.

క్షేత్రపర్యటన సంగతి వేరు. ఏళ్ల తరబడి పోలీసులకు, న్యాయవాదులకు, విలేకరులకు చెప్పినదే మళ్లీ చెప్పమని అడగడం చిన్న కోరిక కాదు. ముద్రితాలలో దొరికే విషయాన్ని విద్యార్థి ముందుగా చదివి, అక్కడ లేనిదాన్నే అడగాలి. సాక్షి కాదంటే మారుమాట లేకుండా వెనుదిరగాలి. తీర్పులో అచ్చయిన పేరైనా సరే, గ్రంథంలో వాడేముందు ఆ వ్యక్తిని అడగాలి. ఒకప్పుడు సిద్ధాంత గ్రంథం గ్రంథాలయంలోని బీరువాలో ఉండేది. యు.జి.సి. నిబంధనల ప్రకారం ఇప్పుడది శోధ్‌గంగలోకి చేరుతోంది. సాక్షి ఇంటి పక్కవాడు, ఎదుటి పక్షంవాడు సైతం దానిని సెల్‌ఫోనులో చదవగలరు.