హయత్‌నగర్ సరాయి

హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కిన వాళ్లకు హయత్‌నగర్ కొత్త కాదు. ఆ ఊరికి తన పేరిచ్చిన హయాత్ బక్షీ బేగం, ఆమె బాటసారుల కోసం కట్టించిన సరాయి మాత్రం ఇప్పుడు ఎక్కువమంది ఎరగరు.

ఆమె మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, మహమ్మద్ కుతుబ్ షా భార్య, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. 1626లో కొడుకు 12 ఏళ్ల వయసులో గోల్కొండ గద్దెనెక్కితే రాచకార్యాల్లో ఆమె మాటే చెల్లింది. గోల్కొండ సంపదలో చాలా భాగం మచిలీపట్నం రేవు దారి మీద నడిచేది. వజ్రాలు, అద్దకం బట్టలు అటు వెళ్లేవి, విదేశీ సరుకు ఇటు వచ్చేది. అయితే అది బండ్లు సాగే బాట కాదు. వాగులు, చెరువులు, గుట్టలు అడ్డం. అందుకే సరుకు ఎద్దుల వీపు మీద, గుర్రాల మీద, కలిగినవాళ్లు పల్లకీల్లో. అలాంటి దారిలో పొద్దుగూకేసరికి నాలుగు గోడల మధ్యకు చేరడమంటే ప్రాణానికీ సరుకుకూ రక్షణ.

ఆ దారిలోని హయత్‌నగర్‌లో ఎత్తైన అరుగు మీద అయిదు కమానుల మసీదు, దాని చుట్టూ విశాలమైన ఆవరణ, ఆవరణ నాలుగు వైపులా వరసగా కమాను గదులు. నూటికి పైగా ఉంటాయి. పక్కనే ఏనుగుల బావిగా పేరుబడ్డ హాథీ బావ్లీ. బిడారుకు కావలసినవి నీళ్లు, నీడ, కాపలా; మూడూ ఒక్కచోటే అమర్చారు.

ఇలాంటి మజిలీల్లో ఆదరణ ఎలా ఉండేదో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే రాశాడు. ఇదే దారిలో గోల్కొండకు దగ్గరి మజిలీ ఒకదానిలో పేదలకు రొట్టె, అన్నం, వండిన కూరలు పెట్టేవారట. పరుల చేతివంట ముట్టని వాళ్లకు పిండి, కాస్త నెయ్యి ఇచ్చేవారు, ఎవరి రొట్టె వాళ్లు కాల్చుకునేవారు. తినేవాడి ఆచారాన్ని తప్పుపట్టకుండా, అతని ఆకలి తీరే దారి చూశారు. ఆ రాజ్యం గురించి కోటలకన్నా ఈ పిండీ నెయ్యీ ఎక్కువ చెబుతాయి.

1687లో గోల్కొండ మొఘలుల పాలయింది. 1889 నాటికి సికింద్రాబాద్, బెజవాడల మధ్య రైలు నడిచింది. దూరపు సరుకు పట్టాలెక్కింది, సరాయిల అవసరం తగ్గింది.

హయత్‌నగర్ చూడవచ్చినవాళ్లు సాధారణంగా మసీదు చూసి తిరిగిపోతారు. ఆ గదుల వరసనూ నిదానంగా చూడాలి, బాటసారులు తలదాచుకున్నది అక్కడే. గుర్రాలకు, ఒంటెలకు ప్రత్యేకంగా శాలలు ఉన్న సరాయిని చూడాలంటే గోల్కొండ దాపున షేక్‌పేటకు వెళ్లాలి. అది రెండంతస్తుల కట్టడం.