రోడ్డు పక్క పార్కింగ్, సైకిల్ దారి: బెజవాడలో చిక్కు ఎక్కడ?

సైకిల్ ట్రాక్ అనగానే మొదట వినిపించే మాట "రోడ్డు వెడల్పు చాలదు" అని. కానీ విజయవాడ బజార్లలో రోడ్డు అంచున ఆగి ఉన్న బండ్లే ఎక్కువ చోటు తింటాయి. సైకిల్ వెళ్లాల్సిందీ ఆ అంచునే. అందుకే ఈ ఊళ్లో సైకిల్ దారి ఉంటుందా లేదా అన్నది పార్కింగ్ విధానమే తేలుస్తుంది.

నష్టం ఎవరికి?

సైకిల్ తొక్కేది వ్యాయామం కోసం వచ్చేవాళ్లే కాదు. ఆటోనగర్ షెడ్లలో పనిచేసేవాళ్లు, వాచ్‌మన్లు, పాలు, కూరలు అమ్మేవాళ్లు, స్కూలు పిల్లలు కూడా. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 44.8 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది. కారు, జీపు లేదా వ్యాను ఉన్న ఇళ్లు 4.7 శాతమే. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండలు తప్పిస్తే ఇక్కడి నేల చదును. సైకిల్‌కు అనువైన ఊరే.

అంచున కార్లు ఆగి ఉంటే సైకిల్ రోడ్డు మధ్యకు రావాలి. వెనక బస్సు, లారీ. పక్కన ఆగిన కారు తలుపు ఒక్కసారిగా తెరుచుకున్నా ప్రమాదమే.

15 గజాల లెక్క

కారు కోసం గీసే గడి సాధారణంగా 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు. అంటే 12.5 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 15 గజాలు. అందులో పది సైకిళ్లు పెట్టుకోవచ్చు. ఒక వైపు వెళ్లే సైకిల్ ట్రాక్‌కు కావాల్సిన వెడల్పు సుమారు 2 మీటర్లు. కార్ల వరుస ఆక్రమించే పట్టీ కూడా దాదాపు అంతే.

బీసెంట్ రోడ్డులో 15 గజాల కొట్టుకు అద్దె ఎంతో వ్యాపారులకు తెలుసు. అదే చోటు రోడ్డు మీద ఫీజు లేకుండా దొరికితే, ఆ భారం బండి లేనివాళ్ల మీద కూడా పడుతున్నట్టే.

చట్టం ఏమంటోంది?

1988 మోటారు వాహనాల చట్టంలో 117వ సెక్షన్ పార్కింగ్ స్థలాలు నిర్ణయించే అధికారం ఇస్తుంది. ఇతరులకు ప్రమాదం, ఆటంకం కలిగేలా బండి వదలకూడదని 122వ సెక్షన్ చెబుతుంది. నిషేధించిన చోట ఆపిన బండిని తొలగించడానికి 127వ సెక్షన్ ఉంది. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం ఇంకో అడుగు ముందుకేసింది. పార్కింగ్ ఫీజు ఆ స్థలం విలువకు తగ్గట్టు ఉండాలని, స్థలం కేటాయింపులో ప్రజా రవాణాకు, సైకిళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది.

రంగు వేస్తే సరిపోదు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది. అది నగరం అంచున, రోడ్డుకు విడిగా కట్టింది. బజారు మధ్యలో వేసే ట్రాక్‌కు ఆ వెసులుబాటు ఉండదు. మధ్యలో అడ్డుదిమ్మలు లేకుండా గీత మాత్రమే గీస్తే సాయంత్రానికి అది పార్కింగ్ అయిపోతుంది. విజయవాడలో బస్సుల కోసం ప్రత్యేక దారి అనుకుని వేసిన బీఆర్టీఎస్ రోడ్డు కూడా అనుకున్న పద్ధతిలో నిలవలేదు. ఒక పట్టీకి పేరు పెట్టినంత మాత్రాన అది వాళ్లకే దక్కదు.

బయట ఏం చేశారు?

జపాన్‌లో చాలా ప్రాంతాల్లో కారు రిజిస్టర్ చేయాలంటే నిలిపే చోటు ఉందని రుజువు చూపాలి. దానికి ఆధారం 1962 నాటి చట్టం. ఆమ్‌స్టర్‌డామ్ 2025 నాటికి 11,200 వరకు వీధి పార్కింగ్ చోట్లు తీసేసి చెట్లకు, సైకిళ్లకు, నడిచేవాళ్లకు ఇస్తామని 2019లో ప్రకటించింది.

వ్యాపారుల భయం

పార్కింగ్ తీసేస్తే గిరాకీ పోతుందన్నది కొట్టువాళ్ల ఆందోళన. దాన్ని కొట్టిపారేయలేం. అయితే పొద్దున పెట్టిన బండి రాత్రి దాకా అక్కడే ఉంటే ఆ చోటు ఒక్కరికే. గంట లెక్కన ఫీజు పెడితే అదే చోటు పది మందికి అందుతుంది. సరుకు దించడానికి వేళలు పెట్టి, ప్రధాన రోడ్డు మీద ఒక వైపు పార్కింగ్ ఆపి, పక్క వీధిలో గడులు గీస్తే ఇద్దరికీ దారి దొరుకుతుంది. జుమా రోజు మసీదుల దగ్గర, పెళ్లిళ్ల రోజుల్లో ఫంక్షన్ హాళ్ల దగ్గర కమిటీలే ఒక వైపు ఖాళీగా ఉంచేలా చూసుకోవచ్చు.

ఏం అడగాలి?

కార్పొరేషన్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. "ట్రాక్ కావాలి" అని మాత్రమే రాస్తే సరిపోదు. ఏ రోడ్డు, ఏ వైపు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పార్కింగ్ తీయాలి, ఆ బండ్లకు బదులు చోటు ఎక్కడ, సైకిల్ స్టాండు ఎక్కడ అని రాయాలి. పార్కింగ్ సంగతి తేలకుండా వేసే ట్రాక్ మీద ఖర్చు మళ్లీ ఆగిన బండ్ల కిందకే పోతుంది.