క్యాసనూరు అడవి జ్వరం: కోతి, చిట్టెలుక, పిడుదు

1957 మార్చి నెల. అప్పటి మైసూరు రాష్ట్రంలోని షిమోగా జిల్లా, సొరబ తాలూకా, క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి పడివుంటున్నాయని కబురు వచ్చింది. కొండముచ్చులూ చనిపోయాయి, మామూలు కోతులూ చనిపోయాయి. ఆ రోజుల్లోనే కట్టెలకనీ, పశువుల వెంటనీ అడవికి వెళ్ళొచ్చిన చుట్టుపక్కల పల్లెల వాళ్ళు తీవ్రమైన జ్వరంతో, తలనొప్పితో, ఒళ్ళు నొప్పులతో మంచం పట్టారు. కొందరికి ముక్కులోంచి, చిగుళ్ళలోంచి రక్తం కారింది. ఆ ఏడాది 466 మంది జబ్బుపడ్డట్టు లెక్క తేలింది.

అడవిలో కోతి చస్తే అంత కంగారు దేనికని మీకు అనిపించవచ్చు. పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రం వారికి మాత్రం ఆ వార్త వినగానే గుండె ఝల్లుమంది. వారి మనసులో మెదిలిన పేరు ఎల్లో ఫీవర్. ఎందుకో తెలియాలంటే ముప్ఫై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ఎల్లో ఫీవర్ ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాల జబ్బు. దాని వైరస్‌ను పట్టుకోవడానికి 1920లలో పశ్చిమ ఆఫ్రికాలో శాస్త్రవేత్తలు ఎన్నో జంతువులకు రోగుల రక్తం ఎక్కించి చూశారు. ఏదీ సరిగా జబ్బుపడలేదు. ఆఫ్రికా కోతులు ఆ వైరస్‌తో తరతరాలుగా కలిసి బతికినవి కాబట్టి పెద్దగా చలించవు. 1927లో ఏడ్రియన్ స్టోక్స్, బావర్, హడ్సన్ అనే ముగ్గురు మన దేశపు రీసస్ కోతికి రక్తం ఎక్కించి చూశారు. ఆ వైరస్‌ను ఎన్నడూ ఎరగని ఆ కోతి జబ్బుపడి చచ్చిపోయింది. పరిశోధనకు పనికివచ్చే జంతువు దొరికింది గాని, అదే ఏడాది స్టోక్స్ కూడా ఎల్లో ఫీవర్‌తోనే కన్నుమూశాడు. 1930లో మాక్స్ థీలర్ ఇదే వైరస్‌ను చిట్టెలుకల మెదడులోకి ఎక్కించి పెంచవచ్చని చూపించాడు. కోతి ఖరీదైనది, ప్రమాదకరమైనది. చిట్టెలుక చవక, వందల కొద్దీ పెంచుకోవచ్చు. తరవాత కోడిపిండాల కణజాలంలో పెంచి తయారుచేసిన టీకాకు దారి వేసింది ఈ పనే. థీలర్‌కు 1951లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు మళ్ళీ మైసూరు అడవికి రండి. మన కోతులు ఎల్లో ఫీవర్‌కు తట్టుకోలేవని ఆఫ్రికా ప్రయోగాలు తేల్చేశాయి. ఆ జబ్బును మోసే ఈడిస్ దోమ మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉంది. లేనిదల్లా వైరస్ ఒక్కటే. అది ఓడలోనో విమానంలోనో వచ్చి చేరిందా? టెల్ఫర్డ్ వర్క్, హెరాల్డ్ ట్రాపిడో, వారి భారతీయ సహచరులు పరుగున వెళ్ళింది ఈ అనుమానంతోనే. చచ్చిన కోతుల అవయవాల నుంచి, రోగుల రక్తం నుంచి తీసిన నమూనాలను పుణెలో పసి చిట్టెలుకల మెదడులోకి ఎక్కించారు. కళ్ళు తెరవని ఆ పిల్లలు జబ్బుపడ్డాయి, వైరస్ చేతికి చిక్కింది. యాంటీబాడీ పరీక్షలు చేస్తే అది ఎల్లో ఫీవర్ కాదు. సైబీరియా అడవుల్లో మెదడువాపు తెచ్చే వైరస్ కుటుంబానికి చెందినది! మోసుకొస్తున్నది దోమ కాదు, హీమాఫిసాలిస్ అనే జాతి పిడుదు.

సైబీరియా ఎక్కడ, షిమోగా ఎక్కడ? వలస పక్షులు పిడుదుల్ని మోసుకొచ్చాయేమోనని అనుమానించారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో సాలిం అలీ పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగి వలసల్ని గమనించిన పెద్ద కార్యక్రమానికి 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయం అందడానికి ఈ అనుమానమూ ఒక కారణం. పక్షుల మీద నేరం రుజువు కాలేదు గాని, మన పక్షిశాస్త్రం మాత్రం లాభపడింది.

చిట్టెలుక వైరస్‌ను పట్టించింది సరే, జబ్బును చూపించిందా అంటే పూర్తిగా లేదు. ఈ తేడా మీరు గుర్తుంచుకోవాలి. చిట్టెలుకలో వైరస్ ప్రధానంగా మెదడుకు పాకుతుంది. మనిషిలో కనిపించే రక్తస్రావం అందులో కనబడదు. జబ్బు నడకను తెలుసుకోవడానికి కోతే కావలసి వచ్చింది. 1960లలోనే పరిశోధకులు దక్షిణాది కోతికి వైరస్ ఎక్కించి చూశారు. 2020లో పుణె వారు అదే జాతిలో వైరస్ జీర్ణాశయ మార్గంలోనూ, లింఫ్ గ్రంథుల్లోనూ నిలుస్తుందని ప్రచురించారు. 2021లో అమెరికా పరిశోధకులు వేరొక జాతి కోతిలో రక్తస్రావ లక్షణాలను చూడగలిగారు.

ఇదంతా కాగితాల మీద లెక్క అనుకోకండి. వైరస్‌లు చుట్టాలే కదా అని మొదట్లో రష్యా జబ్బుకు చేసిన టీకానే ఇక్కడి జనానికి వేశారు. అది కాపాడలేకపోయింది. బంధుత్వాన్ని చూసి నమ్మడం తొందరపాటే అనిపిస్తుంది నాకు. అయితే జనం చస్తుంటే చేతులు ముడుచుకు కూచోవడమూ కష్టమే. ఆ తరవాత కోడిపిండాల కణాల్లో పెంచిన ఫార్మాలిన్ టీకా వచ్చింది. 1990 నుంచి కర్ణాటకలో విస్తృతంగా వేశారు. పదేపదే వేసుకోవలసిన ఆ టీకా ప్రభావం తగ్గిపోయిందని 2022లో ఆపేశారు. జబ్బు మాత్రం ఒక చోట ఆగలేదు. 2012 తరవాత బందీపూర్, నీలగిరి, వయనాడ్, గోవా, సింధుదుర్గ్‌లలో బయటపడింది. సోకినవారిలో నూటికి ముగ్గురు నుంచి అయిదుగురి దాకా చనిపోతారు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. కొత్త టీకా కోసం ఐసీఎంఆర్, హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కలిసి పని చేపట్టాయి. అది మనిషి దాకా రావాలంటే ముందు జంతువులను దాటి రావాలి.

ప్రయోగశాల కోతి గురించి మనసు కలుక్కుమనేవారు మీలో ఉంటారు. అది న్యాయమే. విదేశాలకు రీసస్ కోతుల ఎగుమతిని మన దేశం 1978లో నిషేధించింది. ఇక్కడి ప్రయోగాలకూ అనుమతులు, పర్యవేక్షణ ఉన్నాయి. అయితే అడవిలో చచ్చిన కోతి ఎవరి అనుమతీ అడగదు. దాని ఒంటి మీది పిడుదులు నేలకు దిగి తరవాతి ప్రాణి కోసం కాచుకుంటాయి. అందుకే ఆ పల్లెల్లో కోతి చచ్చి కనబడితే ముట్టుకోకుండా వెంటనే ఆరోగ్య సిబ్బందికి చెప్పమంటారు. వాళ్ళు వచ్చి చుట్టూ మందు చల్లుతారు; అడవికి వెళ్ళేవారికి పిడుదులు అంటకుండా పూసుకునే తైలం పంచుతారు. కన్నడంలో ఆ జబ్బు పేరు మంగన కాయిలె, అంటే కోతి జబ్బు.