బర్కా సీమలో కాలగణనము

మస్కటు నగరమునకు పశ్చిమముగ, బాతినా తీరమునందలి బర్కాను జూడవచ్చినవారు దాని కోటను, చేపల బజారును, ఎద్దుల పోరాటమును జూచి మరలిపోవుదురు. నాకు మాత్రము ఆ సీమ చరిత్రలో ప్రభువుల విజయములకంటె, నీటికొఱకు కాలమును కొలిచిన రైతుల నేర్పే మిక్కిలి గౌరవాస్పదముగ తోచును. యఅరుబీ వంశజుడగు ఇమాము సైఫ్ బిన్ సుల్తాను, పదునేడవ శతాబ్ది చివరి దినములలో, బర్కాలోని నఅమాన్ తోటయందు 30,000 ఖర్జూరపు మొక్కలను, 6,000 కొబ్బరి మొక్కలను నాటించెనని ఒమాను చరిత్రకారులు వ్రాసిరి. అంతటి వనమునకు నీరు చాలునంతగ దొరకుట ఎడారిదేశమున సామాన్యము గాదు.

తీరమున పూర్వము బావులనుండి ఎద్దులచే తోడించిన నీరే ప్రధానాధారముగ నుండెను. దక్షిణమున నఖల్ వైపు కొండల పాదమునకు పోయినచో, భూగర్భజలమునో ఊటనో పొలములకు గొనివచ్చు ఫలజ్ అను కాలువలు కానవచ్చును. ఒమానులో ఇట్టివి నేటికిని సుమారు 3,000 ప్రవహించుచుండగా, వానిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వముగ గ్రహించినది. వానియందు నీటివంతును అథర్ అను కొలతతో పంచెదరు. అది ఇంచుమించు అరగంట, అనగా మన పూర్వుల 24 నిమిషముల ఘడియకు కొంచెము మించినది. పగలు నేల నాటిన కఱ్ఱనీడ గీతను దాటుటయు, రాత్రి థురయ్యా (మన కృత్తికలే) మొదలగు నక్షత్రములు ఉదయించుటయో అస్తమించుటయో వంతు మాఱుటకు గుఱుతులు. నక్షత్రము దినదినము సుమారు నాలుగు నిమిషములు ముందుగ నుదయించును గనుక, ఏ ఋతువున ఏ చుక్క ఎవరి వంతునకు సాక్షియో ఎఱిగిన పెద్ద యొకడుండవలెను. అతని మాటయందు సందేహము గలవాడు తానే పోయి నీడను జూచుకొనవచ్చును. ఆ వ్యవస్థ నిలుచుటకు ఇదియే మూలమని నా నమ్మకము.

పిమ్మట చేతిగడియారములు వచ్చి పెక్కు పల్లెలలో నక్షత్రముల పనిని కైకొన్నవి. నేడు ఒమాను అంతయు గ్రీనిచ్ కాలమునకు 4 గంటలు ముందు నడచుచున్నది.

ఆ కాలమును నేడు మనకు జూపు ఇంటి కంప్యూటరులోని గడియారము సెకనుకు 32,768 మారులు కంపించు క్వార్ట్జ్ స్ఫటికముపై ఆధారపడినది. ఉష్ణము మారినచో దాని నడక స్వల్పముగ తప్పును. అందుచే డేవిడ్ మిల్స్ రూపొందింపగా 1985లో ప్రకటితమైన నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్ ననుసరించి, అది దూరమునందలి సర్వరుతో తన కాలమును సరిచూచుకొనును. ఈ సర్దుబాటును ఆపివేయు సదుపాయము విండోస్‌లో 2001 నాటి ఎక్స్‌పీ కాలమునుండియే కలదు. ప్రయోగముల కొఱకు, పాత ప్రోగ్రాముల పరీక్ష కొఱకు దాని నాపుట న్యాయమే. కాని బర్కాలో నుండు తెలుగువాడు ఇంటివారి వేళను తెరపై జూచుకొనవలెనని సర్దుబాటు నాపి గడియారమును గంటన్నర ముందుకు త్రిప్పినచో, 30 సెకన్లకొకసారి మాఱు ప్రవేశ సంకేతములు ఆ యంత్రమున చెల్లకపోవును. దానికి కాలమండలమును మార్చుటయో, రెండవ గడియారమును చేర్చుటయో తగిన మార్గము. నిజముగ ఆపినవాడు మాత్రము ఆ ఫలజ్ పెద్దవలె, నమ్మదగిన గడియారముతో తన యంత్రమును స్వయముగ, తఱచుగ సరిచూచుకొనుచుండవలెను.