దొరతనం లేని మొదలు

జూబిలీ సంచికలకు ఒక అలవాటుంది. మొదటి పేజీలో స్థాపకుల ఫొటో, తర్వాత పెద్దల శుభాకాంక్షలు, ఆపైన కట్టిన గుడులు, బళ్లు, ఆసుపత్రుల జాబితా. దోర్నకల్ సంఘ చరిత్రను ఆ వరసలో రాస్తే అసలు సంగతి జారిపోతుంది. ఇక్కడ గుడి ఆఖర్న వచ్చింది. ముందు వచ్చింది తెలుగు ముక్క రాని కొందరు తమిళులు.

1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని పెట్టుకున్నారు. డబ్బు మనది, మనుషులు మనవాళ్లు, పెత్తనమూ మనదే కావాలన్నది వాళ్ల నియమం. దీని వెనక నిలబడ్డ వేదనాయగం సామ్యూల్ అజరయ్యకు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. ఒక పల్లెటూరి గురువుగారి కొడుకు ఆయన. వైఎంసీఏ పని మీద జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత ఖర్చుతో మన దేశానికి సేవకుల్ని పంపుతున్నారని తెలిసి సిగ్గుపడ్డారు. తిరునెల్వేలిలో తరతరాల క్రైస్తవ కుటుంబాలున్నా పక్క సీమకు ఒక్కరినీ పంపలేదే అని. ఆ సిగ్గులోంచి పుట్టిన సొసైటీ నైజాం రాజ్యంలోని మానుకోట, దోర్నకల్ పల్లెల్ని తన పొలంగా ఎంచుకుంది.

ఇంతవరకు చేసి ఊరుకున్నా ఆయన పేరు చరిత్రలో ఉండేది. 1909లో వైఎంసీఏ ఉద్యోగం వదులుకుని తానే దోర్నకల్ వచ్చేశారు. దేశమంతా తిరుగుతూ ఇంగ్లీషులో ఉపన్యాసాలిచ్చే మనిషి, ముప్పై అయిదేళ్ల వయసులో మాలపల్లెల్లో, మాదిగవాడల్లో తెలుగు మాటలు కూడబలుక్కోవలసి వచ్చింది. అరవవాళ్ల తెలుగును ఆటపట్టించడం మనకు కొత్తేమీ కాదు. ఆయన్నూ ఆటపట్టించే ఉంటారు. కొత్తచోట సంఘం పెట్టేవాడికి ఇంతకు మించిన పాఠశాల ఏముంటుంది? చెప్పడానికి వచ్చినవాడు ముందు అడిగి తెలుసుకునేవాడయ్యాడు.

మరుసటేడు, 1910లో, ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభ. వచ్చినవాళ్లలో ఆసియా ముఖాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. తలపాగాతో నిలబడిన అజరయ్య, తెల్ల మిషనరీలకూ భారతీయ సేవకులకూ మధ్య ఉన్న దూరాన్ని దాచకుండా చెప్పారు. మీ త్యాగాలకు మా సంఘం ఎప్పటికీ కృతజ్ఞతతో ఉంటుంది, కానీ మాకు కావలసింది స్నేహితులు అన్నది ఆ ప్రసంగ సారాంశం. హాల్లో కొందరు నొచ్చుకున్నారు. వినయమంటే చేతులు కట్టుకుని నిలబడటమని అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పల్లెలో అక్షరాలు దిద్దిన మనిషే దొరల ముందు తల దించలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన్ను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టకపోతే అది జరిగేది కాదు. నల్లవాడి కింద పనిచేయడమా అని తెల్లవాళ్లలో గొణుగుడు. మన క్రైస్తవుల్లోనూ కొందరికి ఇష్టం లేకపోయింది. డయాసిస్ కూడా చాలా చిన్నది. మచిలీపట్నంలో 1841లోనే పని మొదలుపెట్టిన ఇంగ్లీషు మిషన్ వంటి పాత క్షేత్రాలు 1920లలో గానీ ఆయన చేతి కిందికి రాలేదు. అప్పటిదాకా తనకిచ్చిన మూలలోనే, ఎడ్లబండి మీద, సైకిలు మీద, కాలినడకన తిరిగారు. జనం ఆయన్ను తండ్రిగారు అన్నారు.

ఆ తిరుగుళ్లలో ఒక దృశ్యం తప్పకుండా చెప్పాలి. బాప్తిస్మం పొందినవాళ్లను చెయ్యి ఎత్తి తమ తల మీదే పెట్టుకోమనేవారు. సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను వాళ్ల నోటితో వాళ్ల చేతే చెప్పించేవారు. నిన్నటిదాకా ఊరి చివర నిలబెట్టిన మనిషికి, చదువు రానివాడికి, ఇవాళ్టి నుంచి ఈ పని నీది అని అప్పగించడం అది. సంఘం పెంచింది బిషప్ ఒక్కరే కాదు, తలమీద చెయ్యి పెట్టుకున్న ఆ కూలీలు. ఉపదేశులకు శిక్షణ ఇచ్చేటప్పుడు భార్యలకూ చదువు చెప్పించారు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ గారు ఆడవాళ్ల మధ్య చేసిన పనికి మన సంచికల్లో ఇచ్చేది ఒక్క పేరా, అదీ చివర్లో. (ఈ వ్యాసమూ అంతకంటే ఎక్కువేం ఇవ్వలేకపోయింది.)

డబ్బు సంగతీ అంతే. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా కడిగే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేవారు. కూలికి పోయే ఇంటి ఇల్లాలు కూడా ఇలా ఇవ్వగలదు. ఇచ్చినదాని మీద ఆమెకు హక్కు కూడా ఉంటుంది. కోత పండుగ రోజున గుడి ముందు కోడిపుంజులు, గుమ్మడికాయలు, జొన్న బస్తాలు చేరేవి. ఇప్పటికీ మన సంఘాల్లో ఆ రోజు వేలంపాట సందడి చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇవ్వడం గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు. ఈనాడు కొత్తగా సంఘం మొదలైతే ముందు లేచేది ఫ్లెక్సీ, అందులో సగం దైవజనుడి ముఖం. దానికయ్యే ఖర్చు ఎవరి పిడికెడు బియ్యమో.

మరి కెథడ్రల్? 1939 జనవరి 6న గానీ ప్రతిష్ఠ జరగలేదు. బిషప్ అయిన ఇరవై ఆరేళ్లకు. మెదక్ చర్చి గోతిక్ ఠీవి చూసి దోర్నకల్ వచ్చినవాళ్లు కాసేపు తికమకపడతారు. స్తంభాలు దేవాలయంలోవి, గుమ్మటాలు మసీదువి, మధ్యలో సిలువ. రాతిలో తామరపూలు, అరటిపూలు. చుట్టుపక్కల ఊళ్లవాళ్ల కంటికి పరాయిది కాని గుడి కావాలన్నదే ఆయన పట్టు.

ఆయన్ను మెత్తని మనిషిగా చూపించడం మాత్రం అన్యాయం. క్రమశిక్షణ విషయంలో కఠినుడు, పెద్దరికం చూపేవారు. సంఘంలో మాల, మాదిగ తేడాలు ఆయన కాలంలోనే పూర్తిగా పోలేదు కూడా. వినయం స్వభావంలో ఎంతుందో నాకు తెలియదు గానీ నిర్ణయాల్లో ఉంది.

అన్నిటికన్నా పెద్ద నిర్ణయం 1919 మే నెలది. తరంగంబాడిలో 33 మంది సేవకులు, ఎక్కువమంది మనవాళ్లే, రెండు రోజులు కూర్చుని ఒక ప్రకటన తయారుచేశారు. పడమటి నుంచి వచ్చిన ఈ చీలికలు మేము చేసుకున్నవి కావు, మేము ఒకటి కావాలి అని దాని భావం. అజరయ్య బిషప్ పదవిలోకి వచ్చి ఏడేళ్లు కాలేదు. తన సంఘం ఇంకా వేళ్లూనుకుంటుండగానే దాని పేరూ శాఖా రేపు ఇంకో పెద్ద సంఘంలో కలిసిపోవాలని కోరి సంతకం పెట్టారు. ఆ చర్చలు దాదాపు ముప్పై ఏళ్లు సాగాయి. 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లోనే కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు తొలి 14 డయాసిస్‌లలో దోర్నకల్ ఒకటి. అప్పటి బిషప్ ఆంథొనీ ఇలియట్ అనే ఇంగ్లీషు ఆయన. అంతకు ముందు పదేళ్లు అజరయ్య కింద సహాయ బిషప్‌గా పనిచేసినవారు.